నూట పన్నెండు రిమైండర్లు

ఆ సోమవారం ఉదయానికి మనవడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకీ ఎనిమిదికీ మధ్య నూట పన్నెండు మంది బ్యాంకర్లకు మూడో విడత మెయిలు పంపడం, తొమ్మిదింటికల్లా కాలేజీకి వెళ్ళి పరీక్ష రాయడం. ఏడున్నరే ఎందుకంటే, పెద్ద హోదాల్లో ఉన్న బ్యాంకర్లు ఆ అరగంటలోనే మెయిళ్ళు చూస్తారనీ, అది దాటితే బ్రహ్మదేవుడికి కూడా దొరకరనీ ఒక సీనియర్ చెప్పాడు. ఆ సీనియర్ ఇప్పుడు అలాంటి బ్యాంకులోనే పనిచేస్తున్నాడు కాబట్టి, అతను తుమ్మినా మనవడు నోట్సు రాసుకునేవాడు.

మనవడిది డిగ్రీ మూడో సంవత్సరం. అతనికి కావలసింది ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో వేసవి ఇంటర్న్‌షిప్. ఆ బ్యాంకులు ఉద్యోగాలిచ్చేది తమ దగ్గర ఇంటర్న్‌షిప్ చేసినవాళ్ళకే. ఇంటర్న్‌షిప్‌కి తీసుకునేది మూడో ఏడు పిల్లల్నే. ఈ వేసవి జారిపోతే ఆ తలుపు ఇక తెరుచుకోదు. పాపం, అతను ఇంటర్న్‌షిప్ కూడా అడగడం లేదు. "మీ విలువైన సమయంలో పదిహేను నిమిషాలు" అంటూ ఒక్క ఇంటర్వ్యూ అడుగుతున్నాడు. మూడు రోజులకోసారి గుర్తుచేస్తున్నాడు. కాలేజీలో అతనికి "ఫాలోఅప్" అని పేరు కూడా పడింది.

ఈ మెయిళ్ళ భాగోతానికంతటికీ అతను ఒక పట్టిక తయారుచేసుకున్నాడు. పేరు, హోదా, కంపెనీ, ఆఫీసు చిరునామా, మెయిలు పంపిన తేదీ, గుర్తుచేసిన తేదీ, సమాధానం. చిరునామా ఎందుకు పెట్టాడో అతనికే తెలియదు. పట్టిక నిండుగా కనబడుతుందని పెట్టినట్టున్నాడు. చివరి గడి మాత్రం పైనుంచి కిందిదాకా కొత్తగా సున్నం వేసిన గోడలా ఉంది. కంప్యూటర్ తెర మీద చూసి చూసి కళ్ళు మండుతున్నాయని ఆ ఉదయం పట్టికను కాగితాల మీద ప్రింటు తీసి భోజనాల బల్ల మీద పరిచాడు. కథంతా అక్కడే మొదలైంది.

బల్లకి అవతలివైపు తాతయ్య కూర్చున్నాడు. నీటి సరఫరా ఆఫీసులో ముప్పై ఆరేళ్ళు ఇన్‌వార్డు, అవుట్‌వార్డు గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. ఆఫీసుకి వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేయడం, బయటికి పోయిన ప్రతి కాగితానికీ జవాబు వచ్చిందా లేదా అని కనిపెట్టుకుని ఉండడం ఆయన ఉద్యోగం. కొళాయిలో నీళ్ళు రాకపోయినా ఆయన సెక్షన్ నుంచి జవాబు మాత్రం వచ్చి తీరేదని అప్పట్లో చెప్పుకునేవాళ్ళు. "పరిశీలనలో ఉంది" అని రాసి కాగితాన్ని పక్కన పడేసే గుమస్తాలంటే ఆయనకు ఒళ్ళుమంట. అది జవాబు కాదు, జవాబు ఎగ్గొట్టడం అనేవాడు. సర్వీసు మొత్తంలో ఆ మాట ఒక్కసారి కూడా రాయలేదని ఇప్పటికీ గొప్పగా చెబుతాడు.

తాతయ్య కాగితాలు తనవైపు తిప్పుకున్నాడు.

"ఏంట్రా ఇవి?"

"నేను పంపిన మెయిల్స్ తాతయ్యా. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులకి."

"అంటే మనం డబ్బులు వేసుకునే బ్యాంకేనా?"

"కాదు. కంపెనీలు కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ మధ్యలో ఉండి బేరం కుదురుస్తారు."

"పెళ్ళిళ్ళ పేరయ్యలన్నమాట. సరే, జవాబు గడి ఖాళీగా ఉందేంటి?"

"రాలేదు కాబట్టి."

"నూట పన్నెండుకీ?"

"ఒకటి వచ్చింది. ఆయన సెలవులో ఉన్నాడని, దానంతటదే వచ్చే మెయిల్."

తాతయ్య ముఖం విప్పారింది. "సెలవులో ఉండి కూడా జవాబిచ్చాడంటే పెద్దమనిషిరా. మిగతావాళ్ళకేం రోగం?"

మనవడు నవ్వలేదు. గడియారం ఏడూ యాభై చూపిస్తోంది, అతను ఇంకా అరవై ఎనిమిదో పేరు దగ్గరే ఉన్నాడు. క్లినిక్‌లో రక్తపరీక్షలు చేసే తల్లి డ్యూటీకి బయల్దేరుతూ, "చల్లారిపోతోంది, ముందు తినరా" అని మూడోసారి అంది. "ఒక్క నిమిషం" అని అతను మూడోసారి అన్నాడు.

"మూడు రోజులకోసారి గుర్తుచేస్తున్నావేంట్రా!" తాతయ్య తేదీలు చూసి నొచ్చుకున్నాడు. "అది గుర్తుచెయ్యడం కాదు, మీద పడటం. పదిహేను రోజులు ఆగాలి. అప్పుడు రిమైండరు నంబరు ఒకటి. అదీ మర్యాద. పోనీ, నేనొకసారి గుర్తుచెయ్యనా వీళ్ళకి?"

"ఊఁ."

"నా పద్ధతిలో?"

"నీ ఇష్టం తాతయ్యా" అన్నాడు మనవడు, తెర మీంచి కళ్ళు తీయకుండా. ఆ రెండు మాటలూ ఎందుకన్నానా అని తర్వాత అతను పడ్డ బాధ అంతా ఇంతా కాదు. కానీ అన్న మాట వాస్తవం. తాతయ్య ఎప్పుడూ అనుమతి లేకుండా ఏ కాగితమూ కదిపిన మనిషి కాదు.

*

తొమ్మిది రోజులు పట్టింది. రోజుకి పన్నెండు పదమూడు చొప్పున తాతయ్య నూట పన్నెండు ఉత్తరాలూ చేత్తో రాశాడు. కొత్త కళ్ళజోడు తెచ్చుకుందామనుకున్న పని కూడా వాయిదా వేసి, పాత కళ్ళజోడుతోనే రాశాడు. ఒక కొత్త రిజిస్టరు కొని, ఎడమవైపు అవుట్‌వార్డు, కుడివైపు ఇన్‌వార్డు అని గీతలు గీసుకున్నాడు. ప్రతి ఉత్తరంలోనూ పేరు, తేదీ మారాయి తప్ప మిగతాదంతా ఒకటే:

"విషయం: మా మనవడు ఇంటర్వ్యూ నిమిత్తం మీకు పంపిన విన్నపమునకు జవాబు అందకపోవుట గురించి. రిమైండరు నంబరు 1.

పై విన్నపమునకు నేటివరకు జవాబు అందలేదు. పిలిచెదరో పిలవరో ఒక్క ముక్క వ్రాసిన చాలును. పిలవరాదని నిర్ణయించినను మాకు అభ్యంతరము లేదు. తెలియకపోవుట ఒక్కటే కష్టముగా నున్నది. అబ్బాయి ప్రతిదినము ఏడున్నర గంటలకు కూర్చుని మీ వంటి పెద్దల జవాబు కొరకు చూచుచున్నాడు. తిండి చల్లారిపోవుచున్నది. జవాబు కవరు జతపరచడమైనది."

కింద సంతకం, సంతకం కింద "విద్యార్థి తాతయ్య" అని హోదా, మనవడి పేరు, ఇంటి చిరునామా.

పోస్టాఫీసు కౌంటరులో ఉన్న ఆవిడ కవర్ల దొంతర చూసి, "ఇంట్లో శుభకార్యమా బాబాయ్ గారూ?" అని అడిగింది.

"కుదిరితే శుభకార్యమేనమ్మా" అన్నాడు తాతయ్య. ఆవిడ తడి స్పాంజి ఆయనవైపు జరిపింది. ఇద్దరూ కలిసి స్టాంపులు అంటించారు.

ఆ రోజు సాయంత్రం తాతయ్య ఇంట్లో ఎవరితోనూ ఏమీ అనలేదు. జవాబులు వచ్చాక ఒకేసారి చెబుదామని ఆయన ఆశ.

*

ఆ పై మంగళవారం పదింటికి మనవడు కాలేజీ లైబ్రరీలో ఉండగా సీనియర్ ఫోను చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"ఒరేయ్, మీ తాతగారికి మా ఆఫీసు అడ్రసు ఎవరిచ్చార్రా?"

"ఎందుకన్నా?"

"ఎందుకా? నిన్నట్నుంచి మా ఫ్లోర్లో నలుగురికి ఉత్తరాలొచ్చాయి. చేత్తో రాసినవి. తిండి చల్లారిపోతోందంట! ఒకడు దాన్ని కాఫీ మిషన్ పక్కన అంటించాడు. జనం నిలబడి చదువుతున్నారు."

మనవడు పుస్తకాలు అలాగే వదిలేసి వరండాలోకి పరిగెత్తాడు. జనం చదివి నవ్వుతున్నారా, మెచ్చుకుంటున్నారా అని అతను అడగలేదు. సీనియరూ చెప్పలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది.

"ఇప్పుడేం చెయ్యాలన్నా?"

"గంటలోపు మెయిల్ పెట్టు. ఆ ఉత్తరాలకీ నీకూ సంబంధం లేదని రాయి. రాసినాయన ఎవరో తెలీదను."

"మా తాతయ్య కదన్నా..."

"అది నీకు తెలుసు. వాళ్ళకి తెలీదుగా?"

మనవడు వరండా మెట్ల మీద కూర్చుని రాశాడు: "నా గురించి మీకు అందుతున్న చేతిరాత ఉత్తరాలతో నాకు ఎలాంటి సంబంధమూ లేదు. వాటిని రాసిన వృద్ధుడు ఎవరో నాకు తెలియదు. మతి నిలకడ లేని వ్యక్తి అయి ఉండవచ్చు. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను." ఆ మతి నిలకడ ముక్క సీనియర్ చెప్పింది కాదు. రెండో వాక్యం పొట్టిగా ఉందనిపించి మనవడే కలిపాడు. ఆ ముక్క దగ్గర అతని వేలు ఒక్క క్షణం ఆగింది. ఆగి, మళ్ళీ కదిలింది.

ఎప్పుడూ ఒక్కొక్కరికి విడివిడిగా పంపేవాడు. ఆ రోజు కంగారులో నూట పన్నెండు చిరునామాలూ ఒకే మెయిల్లో పెట్టి పంపేశాడు. దాంతో ఈ కుర్రాడు ఇంకా ఎంతమందిని "మీరే నాకు ఆదర్శం" అన్నాడో ప్రతి ఒక్కరికీ తెలిసిపోయింది. సెలవులో ఉన్న పెద్దమనిషి ఇంకా సెలవులోనే ఉన్నట్టున్నాడు, తాను సెలవులో ఉన్నానని వెంటనే జవాబిచ్చాడు. ఎవరో "ఏ ఉత్తరం?" అని అందరికీ రాశారు. ఇంకెవరో "మీకు అందలేదా? చాలా బాగుంది, చదవండి" అని అందరికీ రాశారు. నిజానికి అప్పటికి ఉత్తరం తెరిచినవాళ్ళు పాతిక మంది కూడా ఉండరు. మిగతావి టపా గదుల్లో కట్టలుగా పడి ఉన్నాయి. మనవడి మెయిలు పుణ్యమా అని అందరూ మనుషుల్ని పంపి వాటిని వెతికించి తెప్పించుకున్నారు. ఒక్క ఉత్తరం కూడా చదవకుండా మిగలలేదు.

ఆ సాయంత్రం మనవడు తాతయ్యని కడిగేద్దామనే ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే తాతయ్య ఎదురొచ్చాడు.

"జవాబులు మొదలయ్యాయా?" అన్నాడు. పిల్లవాడికి కొత్త సైకిలు కొని దాచిపెట్టినవాడి ముఖంలా ఉంది ఆయన ముఖం. "నేను గుర్తుచేశాన్రా. నా పద్ధతిలో. నువ్వు సరేనన్నావుగా!"

మనవడు బూట్లు విప్పడానికి వంగాడు. "ఆఁ, వస్తున్నాయి తాతయ్యా" అన్నాడు. అది ఆ రోజు అతను ఆడిన రెండో అబద్ధం.

*

బ్యాంకుల్లో ఒక బ్యాంకు ఈ వ్యవహారాన్ని నవ్వులాటగా తీసుకోలేదు. ఎవరో మతి నిలకడ లేని అపరిచిత వృద్ధుడు తమ ఉన్నతాధికారుల పేర్లూ చిరునామాలూ సేకరించి ఉత్తరాలు రాస్తున్నాడని వాళ్ళకు రాతపూర్వకంగా తెలియజేసిన మీదట ఊరుకుంటారా? బుధవారం పదకొండింటికి ఆ బ్యాంకు సెక్యూరిటీ అధికారి ఉత్తరం మీదున్న చిరునామా పట్టుకుని ఇంటి తలుపు తట్టాడు.

తాతయ్య ఒక్కడే ఉన్నాడు. బ్యాంకు పేరు వినగానే ఆయన సంబరపడిపోయాడు. విచారణకి మనిషినే పంపారంటే ఉద్యోగం ఖాయమైనట్టే అనుకున్నాడు. కుర్చీ తుడిచి వేసి, మంచినీళ్ళిచ్చి, రిజిస్టరు తెరిచి చూపించాడు. "ఇది మీ బ్యాంకుది, అవుట్‌వార్డు నంబరు యాభై ఏడు" అని వేలు పెట్టి చూపించాడు. అధికారి రిజిస్టరు చాలాసేపు చూశాడు. అంత చక్కని రిజిస్టరు అతను తన సర్వీసులో చూడలేదు.

"అయ్యా, ఈ అబ్బాయి మీకు ఏమవుతాడు?"

"మనవడు. మా అమ్మాయి కొడుకు."

అధికారి ఇబ్బందిగా కదిలాడు. జేబులోంచి మెయిలు కాపీ తీసి ఇచ్చాడు. "ఆ అబ్బాయి మాత్రం ఇలా రాశాడండీ."

తాతయ్య కళ్ళజోడు సవరించుకుని చదివాడు. నాలుగు వాక్యాలు చదవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. కళ్ళజోడు పాతది కాబోలు అనుకున్నాడు అధికారి. తర్వాత తాతయ్య కాగితాన్ని నీటుగా మడిచి, రిజిస్టరులో కుడివైపు ఇన్‌వార్డు నంబరు మూడు అని వేసుకున్నాడు. అంతకుముందు రెండు జవాబు కవర్లు వచ్చాయి.

"నేను పొరబడ్డానండీ. ఆ అబ్బాయి నాకేమీ కాడు."

"ఇప్పుడేగా మనవడన్నారు?"

"వయసు మీద పడింది. ఒక్కోసారి అలా అంటుంటాను. మీకు కాగితం రాసిస్తాను, కూర్చోండి."

రాసిచ్చాడు. "సదరు ఉత్తరములు నేను నా సొంత ఆలోచనతో వ్రాసితిని. వానితో సదరు విద్యార్థికి సంబంధము లేదు. నాతోను సంబంధము లేదని వారు తెలియజేసినందున అదే వాస్తవముగా పరిగణించవలసినది. ఈ విషయమై వారి ఇంటర్వ్యూకు ఎట్టి ఆటంకమూ కలుగరాదని మనవి."

అధికారి కాగితం తీసుకుని లేచాడు. గోడ మీద ఒక ఫోటో ఉంది. నాలుగేళ్ళ పిల్లవాడు ఒక పెద్దమనిషి భుజాల మీద కూర్చుని, ఆయన కళ్ళజోడు తను పెట్టుకుని నవ్వుతున్నాడు. అధికారి దాన్ని చూసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం తాతయ్య జవాబుల సంగతి ఎత్తలేదు. చదువు ఎలా సాగుతోందని మాత్రం అడిగాడు. మనవడు హమ్మయ్య అనుకున్నాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం మనవడికి అదే బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. సోమవారం పదింటికి డైరెక్టరుగారు పదిహేను నిమిషాలు కలుస్తారని. మనవడు ఎగిరి గంతేశాడు. మెయిలు పనిచేసిందన్నాడు సీనియర్. రెండు రోజులు అతను కంపెనీలకు విలువ కట్టే పద్ధతులన్నీ బట్టీ పట్టాడు. ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటారు కాబట్టి, అడగడానికి ఏడు తెలివైన ప్రశ్నలు కూడా సిద్ధం చేసుకున్నాడు. సోమవారం ఉదయం తాతయ్య అతని బూట్లకి స్వయంగా పాలిష్ పెట్టాడు. "జాగ్రత్తగా వెళ్ళిరా" అన్నాడు. 

డైరెక్టరు యాభై దాటిన మనిషి. ఆవిడ గదిలో బల్ల మీద మూడు కాగితాలు, ఒక కవరు తప్ప ఏమీ లేవు.

"కూర్చోండి. పదిహేను నిమిషాలు అడిగారు. ఇస్తున్నాను."

"థాంక్యూ మేడమ్. ముందుగా నా పరిచయం..."

"అయింది. మూడు కాగితాల్లో." ఆవిడ మొదటిది ముందుకు తోసింది. గుండ్రటి చేతిరాత. "ఇది పోయిన సోమవారం వచ్చింది. నా సర్వీసులో జవాబు కవరు పెట్టి నాకెవరూ ఉత్తరం రాయలేదు. చదివి, ఈ అబ్బాయిని ఇంటర్వ్యూకి పిలవమని ఆ మధ్యాహ్నమే చెప్పాను."

మనవడికి మాట ఒక పట్టాన అర్థం కాలేదు.

"మర్నాడు ఇది వచ్చింది." రెండో కాగితం అతని మెయిలు. "నాకు ఒక్కటే సందేహం. మీరెవరో తెలియని మనిషికి, మీ ఇంట్లో తిండి చల్లారిపోతోందని ఎలా తెలిసిందండీ?"

మనవడు తన మెయిలు వైపు చూశాడు, తర్వాత ఆ గుండ్రటి చేతిరాత వైపు చూశాడు.

"మా తాతయ్యండీ" అన్నాడు మనవడు. వారం కిందట వరండాలో ఫోనులో అన్న మాటే. అప్పుడు ఎంత తేలిగ్గా వచ్చిందో, ఇప్పుడు అంత కష్టంగా వచ్చింది.

"మతి నిలకడ లేదా ఆయనకి?"

"లేదండీ... అంటే, ఉందండీ. మా అందరికంటే ఉంది."

ఆవిడ మూడో కాగితం ఇచ్చింది. మనవడు తాతయ్య వాంగ్మూలం చదివాడు. తేదీ చూశాడు. బుధవారం. తర్వాత రోజులు లెక్కపెట్టుకున్నాడు. గురువారం ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. శుక్రవారం ఫోను వచ్చిన సంగతి ముందు ఆయనకే చెప్పాడు. ఈ ఉదయం బూట్లకు పాలిష్ పెట్టిన చేయి ఈ కాగితం రాసిన చెయ్యే. కాగితం అడుగున సెక్యూరిటీ అధికారి పెన్సిలుతో ఒక వాక్యం రాశాడు: "ఇద్దరికీ సంబంధం లేదని ఇద్దరూ అంటున్నారు. గోడ మీది ఫోటో మాత్రం సంబంధం ఉందని అంటోంది."

"మీకు ఇబ్బంది వస్తుందని, మీ అబద్ధాన్ని నిజం చెయ్యడానికి ఆయన సంతకం పెట్టారు" అంది డైరెక్టరు. గొంతు పెంచలేదు. "మా పనిలో తప్పులు జరుగుతాయి, దిద్దుకుంటాం. కానీ ఏదైనా జరగగానే పక్కవాణ్ణి వదిలేసేవాళ్ళతో నేను పనిచెయ్యలేను బాబూ. పైగా ఆ ఉత్తరం తప్పు కూడా కాదు. ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. ఏమైనా అడుగుతారా?"

ఏడు తెలివైన ప్రశ్నల్లో ఒక్కటీ గుర్తురాలేదు.

"ఆ ఉత్తరం నాకిస్తారా మేడమ్?"

"ఇవ్వను. అది నాకు రాసింది." ఆవిడ కవరు అందించింది. తాతయ్య చేతిరాతతో ఇంటి చిరునామా ఉన్న జవాబు కవరు, స్టాంపుతో సహా. "ఆయన అడిగింది జవాబు కదా. ఇది పట్టుకెళ్ళివ్వండి."

*

తాతయ్య కవరుని కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి, ముందు నంబరు వేసి, తర్వాత చదివాడు. "మీ రిమైండరు అందినది. మీ మనవణ్ణి తీసుకోలేకపోతున్నాం. కారణం అతనికి ముఖాముఖి చెప్పాం. గుర్తుచేసినందుకు కృతజ్ఞతలు." తాతయ్య ఎర్ర పెన్సిలుతో యాభై ఏడో నంబరు పక్కన టిక్కు పెట్టాడు.

"లేదంటే లేదంది. పద్ధతి తెలిసిన మనిషి" అన్నాడు.

"తాతయ్యా, నేను రాసిన మెయిలు... నువ్వు చదివావు కదూ?"

"ఇన్‌వార్డు నంబరు మూడు."

"మరి ఒక్క మాట అడగలేదేం?"

తాతయ్య రిజిస్టరు మూశాడు. "అది నాకు రాసింది కాదుగా. నాకు రాసినవాటికే నేను జవాబిస్తాను."

ఆ పక్షంలో జవాబు కవర్లు మొత్తం ముప్పై ఒకటి వచ్చాయి. అందులో నాలుగు ఇంటర్వ్యూకి రమ్మన్నవి. నాలుగింటి మీదా సోమవారం తేదీలే ఉన్నాయి, అంటే మెయిలుకి ముందు రోజువి. మనవడు నాలుగు చోట్లకీ ఫోను చేశాడు. నాలుగు చోట్లా పేరు చెప్పగానే అవతలివాళ్ళు ఒక్క క్షణం ఆగి, ఈ ఏడు ఖాళీలు నిండిపోయాయన్నారు. నూట పన్నెండు మెయిళ్ళూ, మూడేసి విడతలూ తీసుకురాలేని ఇంటర్వ్యూలను తాతయ్య స్టాంపు అంటించి తెప్పించాడు. మనవడు వాటిని ఒక్క మెయిలుతో పోగొట్టుకున్నాడు. సీనియర్ ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు.

తల్లికి సంగతంతా తెలిసింది. కేకలేస్తుందనుకున్నాడు. వెయ్యలేదు. చేతులు తుడుచుకుంటూ, "సూది గుచ్చేముందు నేనైనా చెప్పి గుచ్చుతాన్రా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడు మనవడు తాతయ్యకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. నూట పన్నెండు మందికి పనికొచ్చిన నమూనా ఈ ఒక్కరికీ పనికిరాలేదు. ఆరు కాగితాలు చింపాడు. ఏడోది, అక్షరాలు వంకరగా వచ్చినా, అలాగే ఉంచాడు. "తాతయ్యా, నువ్వు నాకు ఏమవుతావో నాకు తెలుసు. తెలియదని రాశాను. సిగ్గుపడి రాశాను, ఇప్పుడు అలా రాసినందుకు సిగ్గుపడుతున్నాను. నన్ను క్షమిస్తావా లేదా ఒక్క ముక్క రాస్తే చాలు. జవాబు కవరు జతపరిచాను." ఒకే ఇంట్లో ఉన్నా స్టాంపు కూడా అంటించాడు.

తాతయ్య ఉత్తరం అందుకున్నాడు. రెండుసార్లు చదివాడు. ఇన్‌వార్డు నంబరు ముప్పై మూడు అని వేసి, రిజిస్టరులో పెట్టుకున్నాడు.

ఆయన మనవడితో మాట్లాడడం మానలేదు. చదువు సంగతి అడుగుతాడు. గొడుగు మరిచిపోతే వీధి చివరిదాకా తెచ్చిస్తాడు. జవాబు సంగతి మాత్రం ఎత్తడు. మనవడు రోజూ ఏడున్నరకి లేచి, ఫోను సంగతి మరిచిపోయి రిజిస్టరు తెరుస్తాడు. ముప్పై మూడో నంబరు ఎదురుగా, చర్య అనే గడిలో, ఆ గుండ్రటి చేతిరాతలో "పరిశీలనలో ఉంది" అని ఉంటుంది. తల్లి వెనకనుంచి చల్లారిపోతోందని కేకేస్తుంది.

ఇవాళ్టికి పదకొండు రోజులైంది. రిమైండరు నంబరు ఒకటి పంపాలంటే మర్యాదకి ఇంకా నాలుగు రోజులు ఆగాలి.